చార్జింగ్ ఎక్కడ పెడుతున్నాం?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, బాన్సువాడలో బండ్ల బ్యాటరీల దుకాణం నడుపుతున్న మన సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



నాకు మైకు ముందు మాట్లాడే అలవాటు లేదు. "ఏం చెప్పాలి మేడం" అని అడిగితే, "దుకాణానికి వచ్చినోళ్లకు రోజూ ఏం చెప్తవో గదే చెప్పు" అన్నరు. అందుకే ధైర్యం చేసి నిలబడ్డాను. తప్పులుంటే మన్నించండి.

మా ఆయన, నేను కలిసి బండ్ల బ్యాటరీల పని చేస్తాం. మొదట్లో ఆయనొక్కడే చేసేది. సంఘంలో తీసుకున్న లోనుతో రెండు చార్జర్లు, ఒక మీటరు కొన్నాక నేను కూడా దుకాణంలో కూర్చున్నాను. "ఆడమనిషి బ్యాటరీ చూస్తదా" అని నవ్వినవాళ్లే ఇప్పుడు "అక్కా, జర మీటరు పెట్టి చూడు" అంటున్నరు.

బ్యాటరీ ముచ్చట మగవాళ్లది, మనకెందుకు అనుకోకండి. బండి ఆర్సీ ఎవరి పేరు మీదున్నా, ఇంట్లో ప్లగ్గు పెట్టేది ఎవరు? పొద్దున తీసేది ఎవరు? మన దగ్గర ఎన్నో ఇండ్లల్ల మగవాళ్లు దుబాయ్, సౌదీ పోయి ఉంటరు. బండి ఇంటి ముందట నిలబడి ఉంటది. పిల్లలను బడికి దింపాలన్నా, పాలు పోయాలన్నా, రాత్రిపూట ఎవరినన్నా దవాఖానకు తోల్కపోవాలన్నా ఆ బండే దిక్కు. ఇప్పుడు మన చెల్లెళ్లు ఎలక్ట్రిక్ స్కూటీలు కూడా కొంటున్నరు. బండి నడిచినా ఆగినా, ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా మొదట తగిలేది మనకే.

మా ఇంటి సంగతి

ఇతరులకు చెప్పే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. దుకాణం మూసేటప్పుడు చార్జింగ్ నిండని బ్యాటరీలు మిగిలేవి. పొద్దున గిరాకీ వస్తదని ఇంటికి తెచ్చి ముందు గదిలో పెట్టి, రాత్రంతా చార్జింగ్‌లో ఉంచేవాళ్లం. నాలుగు, ఐదు ఉండేవి. అదే గదిలో మా అత్తమ్మ మంచం. "రాత్రి కండ్లు మండుతున్నయి బిడ్డా, గొంతు గరగర అంటున్నది" అనేది. వయసు మీద పడ్డది, సల్ల గాలి తగిలింది అని గోలీలు తెచ్చి ఇచ్చేదాన్ని. కిటికీ కూడా నేనే మూసేదాన్ని. చూడండి నా తెలివి!

2022 ఏప్రిల్ నెలలో నిజామాబాద్ వార్త వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. కామారెడ్డి జిల్లా కాకముందు, 2016 దాకా మనది కూడా నిజామాబాద్ జిల్లానే కదా, మన ఇంట్లో జరిగినట్టే అనిపించింది. బట్టలు కుట్టుకొని బతికే కుటుంబం. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీని విప్పి, అర్ధరాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టి పడుకున్నరు. అదే గదిలో ముసలాయన, ఆయన భార్య, మనవడు నిద్రపోతున్నరు. ఏప్రిల్ 20 తెల్లవారుజామున బ్యాటరీ పేలింది. ఎనభై ఏండ్ల ఆ పెద్దాయన కాలిన గాయాలతో చనిపోయిండు. మంటలు ఆర్పబోయిన ఇంటివాళ్లకు కూడా గాయాలైనయి. ఆ వారంలోనే విజయవాడలో ఇంకో ఇంట్లో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని పోయిండు. ఆ బండి ముందురోజు కొన్నదే. అదే ఏడు సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో, పైన లాడ్జి, కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూం ఉన్న బిల్డింగులో మంటలు లేచినయి. పొగ పైకెక్కి ఎనిమిది మంది చనిపోయిండ్రు.

నిజామాబాద్ వార్త టీవీలో చూస్తూ నేను మా ముందు గది వైపు చూసిన. అత్తమ్మ మంచం, దాని పక్కన బల్ల మీద వరుసగా బ్యాటరీలు. ఆ పేలిన బ్యాటరీ రకం వేరు, మావి వేరు. అయినా మనిషి పడుకున్న గదిలో, మనిషి పడుకున్నాక చార్జింగ్ నడవడం మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఆ రాత్రే బ్యాటరీలు బయట పెట్టాలన్న. మా ఆయన "బయట పెడితే ఎవడన్న ఎత్కపోతడు, వాన పడితే ఎట్ల" అన్నడు. ఆయన మాట కూడా తప్పు కాదు. మన అందరి ఇండ్లల్ల బ్యాటరీ లోపలికి వచ్చేది దొంగల భయంతోనే. రెండు రోజులు వాదులాడుకున్నం. చివరికి పక్కకున్న రేకుల వసారాకు జాలీ తలుపు పెట్టించి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ ఉన్న బోర్డు బిగించుకున్నం. కొంత ఖర్చయింది. అత్తమ్మ కండ్లు మండుతున్నయని ఇప్పుడు అనట్లేదు. నా మనసులో మాత్రం ఆ మాట ఇంకా మండుతనే ఉన్నది.

రెండు రకాల బ్యాటరీలు

మన ఇండ్లల్ల బండి బ్యాటరీలు ముఖ్యంగా రెండు రకాలు. పెట్రోల్ బండిలో ఉండేది సీసం, యాసిడ్‌తో చేసిన 12 వోల్టుల చిన్న బ్యాటరీ. సెల్ఫ్, హారన్, లైట్లకు కరెంట్ ఇస్తది. ఎలక్ట్రిక్ బండిలో బండిని నడిపేదే బ్యాటరీ. అది ఎక్కువగా లిథియం రకం. కొన్ని తక్కువ స్పీడు బండ్లకు సీసం బ్యాటరీలే వస్తయి. రెండిటికీ చార్జింగ్ అన్న పేరు ఒక్కటే గానీ గుణాలు వేరు, చార్జర్లు వేరు. ఒకదాని చార్జర్ ఇంకోదానికి పెట్టకూడదు. మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో ముందుగాల తెలుసుకోండి. బ్యాటరీ మీదనే రాసి ఉంటది. చదవరాకపోతే పిల్లలతో చదివించుకోండి.

పెట్రోల్ బండి బ్యాటరీ

మా దుకాణానికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకటే మాట అంటరు: "అక్కా, బ్యాటరీ సచ్చిపోయింది, కొత్తది ఇయ్యి." నేను ముందు మీటరు పెడతాను. బండి ఆపి కొన్ని గంటలైనాక 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర ఉంటే సగం అయిపోయినట్టు. 12 కంటే కిందికి పోతే వెంటనే చార్జింగ్ పెట్టాలి. ఆలస్యం చేస్తే లోపల సీసం పలకల మీద తెల్లటి పొర గట్టిపడుతది. ఒకసారి గట్టిపడ్డదంటే ఎంత చార్జింగ్ పెట్టినా నిలవదు. వెయ్యి రూపాయలకు పైన పెట్టి కొన్న బ్యాటరీ వారంటీ తీరకముందే పోయేది ఎక్కువగా ఇట్లనే.

మీటరు అందరి దగ్గర ఉండదు. హారన్ సన్నగా మోగినా, ఇండికేటర్ నిదానంగా కొట్టుకున్నా, సెల్ఫ్ నొక్కితే టక్ టక్ అని ఊరుకున్నా బ్యాటరీ తగ్గిందని తెలుసుకోవాలి. అట్లాంటప్పుడు సెల్ఫ్‌ను పదేపదే నొక్కకండి. కిక్ ఉన్న బండైతే కిక్ కొట్టండి.

బ్యాటరీ మంచిదే అయినా బండిలో చార్జింగ్ ఎక్కకపోవచ్చు. బండి స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే మీటరు మామూలుగా 13.5 నుంచి 14.5 లోపల చూపించాలి. 13 కూడా దాటకపోతే బండి చార్జింగ్ చేయట్లేదు. 15 దాటితే ఎక్కువ ఎక్కిస్తున్నది, బ్యాటరీ ఉడికిపోతది. ఈ రెండిట్లో ఏదైనా కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా పాడైతది. అందుకే కొత్తది కొనేముందు "జర చార్జింగ్ చెక్ చెయ్యి" అని మెకానిక్‌ను అడగండి. అడగడం మన హక్కు.

దుబాయ్ పోయినవాళ్ల బండ్ల సంగతి చెప్తా. నాలుగు నెలలు, ఆరు నెలలు కవర్ కప్పి నిలబెడతరు. ఏమీ వాడకపోయినా బ్యాటరీ దానంతట అది కొద్దికొద్దిగా తగ్గుతది. మన ఎండలకు ఇంకా తొందరగా తగ్గుతది. వారానికి ఒకసారన్నా అరగంట బండిని నడపండి. ఊకె స్టార్ట్ చేసి రెండు నిమిషాలకు ఆపితే లాభం లేదు, సెల్ఫ్‌కు పోయింది కూడా తిరిగి రాదు. నడిపేవాళ్లు ఇంట్లో లేకపోతే మైనస్ వైరు విప్పించి పెట్టండి, నెలకోసారి చార్జింగ్ పెట్టించండి.

వడ్ల సీజన్‌లో ఇంకొకటి చూస్తాం. కల్లం కాడ వెలుతురు కోసం బండి బ్యాటరీకి బల్బు తగిలిస్తరు. పొద్దున బండి లేవదు. కల్లానికి చార్జింగ్ లైటు వేరే పెట్టుకోండి. మందు కొట్టే చార్జింగ్ పంపుల్లో కూడా ఎక్కువగా సీసం బ్యాటరీలే. సీజన్ అయినాక ఖాళీ బ్యాటరీతో మూలకు పడేస్తే మళ్లీ పంటకు పనికిరాదు. నింపి దాచండి, నెలా రెండు నెలలకోసారి మళ్లీ నింపండి.

నీళ్లు పోసే బ్యాటరీ అయితే డబ్బా మీద రెండు గీతలుంటయి. నీళ్లు ఆ రెండు గీతల మధ్యనే ఉండాలి. తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్, మనం బ్యాటరీ నీళ్లు అంటం. చిన్న సీసా ఖరీదు చాలా తక్కువ. బోరు నీళ్లు పోయొద్దు, అందులోని ఉప్పు, ఇనుము పలకలను తినేస్తయి. "మేము ఫిల్టర్ నీళ్లే పోసినం అక్కా" అంటరు. తాగే ఫిల్టర్ నీళ్లలో కూడా కొంత ఉప్పు ఉంటది, అవి కూడా పనికిరావు. యాసిడ్ అసలే పోయొద్దు. తగ్గేది నీళ్లు, యాసిడ్ కాదు. మూత లేని సీల్డ్ బ్యాటరీని తెరిచే ప్రయత్నం చేయొద్దు.

చార్జింగ్ పెట్టేటప్పుడు

సీసం బ్యాటరీని చార్జింగ్ పెడితే లోపలి నీళ్లు కొంత విడిపోయి హైడ్రోజన్ అనే గాలి బయటికి వస్తది. మన వంట గ్యాస్ లీకైతే వాసన వస్తది. వాసన తెలిసేటట్టు అందులో మందు కలుపుతరు. ఈ గాలికి వాసన లేదు, రంగు లేదు. మూసిన చోట నూటికి నాలుగు వంతులు చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకొని పేలుతది. పేలితే డబ్బా ముక్కలు, యాసిడ్ మొహం మీదికి వస్తయి. అందుకే గాలి ఆడే చోటు కావాలి. పొయ్యి దగ్గర, దేవుని దీపం దగ్గర పెట్టొద్దు. పక్కన బీడీ కాల్చనియ్యొద్దు. నీళ్లు పోసే బ్యాటరీ అయితే కంపెనీ చెప్పిన తీరుగా మూతలు వదులు చేయాలి, గాలి పోయే పైపు మడత పడకుండా చూడాలి.

వరస కూడా ముఖ్యం. ముందు చార్జర్ క్లిప్పులు తగిలించాలి: ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. తర్వాతనే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, తర్వాత క్లిప్పులు తీయాలి. స్విచ్ నడుస్తుండగా క్లిప్పు పీకితే నిప్పురవ్వ వస్తది. ఆ గాలి అక్కడనే ఉంటది.

తొందర పడొద్దు. "గంటలో ఎక్కించు అక్కా" అని మస్తుమంది అడుగుతరు. బ్యాటరీ మీద 5 ఏహెచ్ అని ఉంటే అందులో పదో వంతు, అంటే అర ఆంపియర్ చొప్పున ఎక్కించాలి. ఖాళీ అయినదైతే పది గంటలు, ఆపైన పడుతది. ట్రాక్టర్ బ్యాటరీలకు పెట్టే పెద్ద చార్జర్‌కు దీన్ని తగిలిస్తే వేడెక్కి ఉబ్బుతది.

బండిలోంచి బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివరికి మైనస్. ఎందుకంటే బండి ఇనుమంతా మైనస్‌కే కలిసి ఉంటది. మైనస్ ఉండగానే ప్లస్ విప్పబోతే పానా ఫ్రేముకు తగిలి మంట లేస్తది.

ఇక్కడ ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. చేతికి బంగారు గాజులు, ఉంగరం, మెడలో వేలాడే పుస్తెల తాడు ఉంటయి. 12 వోల్టులకు షాక్ కొట్టదు, నిజమే. కానీ గాజు ఒకవైపు ప్లస్‌కు, ఇంకోవైపు ఇనుముకు తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతది. ఇదిగో, నా మణికట్టు మీద ఉన్న ఈ మచ్చ అట్ల వచ్చిందే. పని మొదలుపెట్టిన కొత్తలో గాజు తీయలేదు. ఇప్పుడు గాజులు, ఉంగరం తీసి, తాడు లోపలికి వేసుకొని, కొంగు బిగించి గానీ బ్యాటరీ ముట్టుకోను.

యాసిడ్ నూలు చీర మీద పడితే అప్పుడు కనపడదు, ఉతికినాక చిల్లులు తేలుతయి. చర్మం మీద పడితే వెంటనే మస్తు నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కన్ను తెరిచి పట్టుకొని పావుగంట నుంచి ఇరవై నిమిషాలు మంచినీళ్లు ధారగా పోయాలి. తర్వాత ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలి. పాలు, పసరు పోయొద్దు, కన్ను నలపొద్దు. వంట సోడా నేల మీద పడ్డ యాసిడ్ మీద చల్లడానికి మంచిది, కంటికి కాదు.

ప్లస్, మైనస్ దగ్గర తెల్లగా, పచ్చగా చిలుము పడితే వైర్లు విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్లతో పాత బ్రష్ పెట్టి కడిగి, ఆరబెట్టి, బిగించినాక కొద్దిగా వాజ్‌లైన్ రాయండి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా చూడండి. ఇంతే పని, పైసా ఖర్చు లేదు. సగం స్టార్టింగ్ తిప్పలు దీనితోనే పోతయి.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టొద్దు. అందులో సీసం ఉన్నది, అది విషం. దాని దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతే ఎదుగుదల, తెలివి దెబ్బతింటయి. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలో ఇస్తే ధర తగ్గిస్తరు. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారు చేసిన కంపెనీల మీద ఉందని 2022లో కేంద్ర ప్రభుత్వం రూల్స్ తెచ్చింది.

ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ

ఎలక్ట్రిక్ బండి వద్దని నేను చెప్పట్లేదు. పెట్రోల్ ఖర్చు తగ్గుతది, మన చెల్లెళ్లకు నడపడం సులువు. 2022లో వరుసగా ప్రమాదాలు జరిగినాక ప్రభుత్వం ఈ బ్యాటరీల పరీక్షలను గట్టి చేసింది. కొత్త నియమాలు ఒక విడత 2022 డిసెంబర్ నుంచి, రెండో విడత 2023 మార్చి ఆఖరు నుంచి అమల్లోకి వచ్చినయి. అంతకుముందు కొన్న బండ్లు, సెకండ్ హ్యాండ్ బండ్లు, బయట ఎక్కడో విప్పి బాగుచేసిన బ్యాటరీలు ఇంకా తిరుగుతనే ఉన్నయి. వాటి విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

లిథియం బ్యాటరీ లోపల చిన్న చిన్న సెల్లులు చాలా ఉంటయి. దెబ్బ తగిలి, నీళ్లు చేరి, వేరే చార్జర్ పెట్టి, తయారీలో లోపం ఉండి ఒక్క సెల్లు అదుపు తప్పి వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్లుకు ఎక్కుతది. దాని నుంచి ఇంకోదానికి. గడ్డివాములో నిప్పు పాకినట్టు. మొదట పొగ, తర్వాత క్షణాల్లో మంట. ఆ పొగ విషం. నిద్రలో ఉన్న మనిషికి లేచే టైము కూడా ఉండదు.

అందుకే ఈ మాటలు పాటించండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి. పాడైతే అదే కంపెనీది తెచ్చుకోవాలి, ప్లగ్గు పట్టిందని వేరేది పెట్టొద్దు. మా దగ్గరికి ఒక చెల్లె వచ్చింది. ఎవరో తక్కువ ధరకు అమ్మిన చార్జర్ పట్టుకొచ్చి "బ్యాటరీ కాలుతున్నది అక్కా, పెనం లెక్క" అన్నది. చార్జర్ వోల్టులు చూస్తే ఆమె బ్యాటరీకి అసలు సంబంధమే లేదు. రెండు రోజులు అట్లనే వాడింది. ఆమె అదృష్టం బాగుండి ఏం కాలేదు. అదృష్టం మీద ఇల్లు నడపలేం కదా.

బండి నడిపి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు. అరగంట, గంట చల్లారనియ్యండి. ఎండలో పెట్టొద్దు. చార్జర్ మీద బట్ట కప్పొద్దు, మంచం మీద, పరుపు మీద పెట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో, వదులైన ప్లగ్గులో పెట్టొద్దు. గోడకు బిగించిన, ఎర్తింగ్ ఉన్న బోర్డుకే పెట్టాలి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలితే బోర్డు మార్పించాలి. వానలో మునిగినా, బండి పడి గట్టి దెబ్బ తగిలినా సర్వీస్ సెంటర్‌లో చూపించేదాకా చార్జింగ్ పెట్టొద్దు. ఉబ్బినా, వాసన వచ్చినా, బుస్సుమని శబ్దం వచ్చినా దాన్ని ఇక వాడొద్దు.

మంట లేస్తే ఏం చేయాలి? అందుబాటులో ఉంటేనే మెయిన్ ఆపండి, లేకపోతే దాని కోసం ఆగొద్దు. ముందు పిల్లలను, ముసలివాళ్లను బయటికి తీయండి. వెనకాల తలుపు దగ్గరికి వేసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. కాలుతున్న బ్యాటరీని చేత్తో పట్టుకొని బయటికి ఇసిరేద్దాం అనుకోవద్దు. దుప్పటి కప్పితే ఆరదు. బండి పోతే పోనీ, లోను మిగిలినా తీర్చుకుంటం, మనిషి పోతే తీర్చేది లేదు. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార పెట్టాలి. పేస్టు, సిరా పూయొద్దు. 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో చోటు ఎక్కడ?

ఇదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. రెండు గదుల ఇల్లు, ఒకటే తలుపు, ఎక్కడ పెట్టాలి అని మీరు అడుగుతరు. నాకు తెలుసు, మాది కూడా అట్లాంటి ఇల్లే. నేను చెప్పేది మూడు మాటలు.

పడుకునే గదిలో వద్దు. పడుకున్నాక వద్దు. బయటికి పోయే దారిలో వద్దు.

మూడోది చాలామంది మరిచిపోతరు. తలుపు పక్కన, మెట్ల కింద బండి పెట్టి చార్జింగ్ వేస్తే, మంట లేచినప్పుడు బయటపడే దారే మూసుకుపోతది. వసారా గానీ, పశువులు, గడ్డి లేని కొట్టం గానీ, రేకుల చాటు గానీ చూడండి. దొంగల భయానికి జాలీ, గొలుసు పెట్టుకోండి. వాన జల్లు పడకుండా చూడండి. రాత్రి కాకుండా, సాయంత్రం వంట చేసుకునేటప్పుడు మనుషులు మెలకువగా ఉన్న టైములో పెట్టి, పడుకునే ముందు తీసేయండి. సాయంత్రం సరిపోకపోతే పొద్దున లేచి మిగిలింది పెట్టండి.

సంఘాలకు నా విన్నపం

అక్కలారా, ఇది ఒక్కొక్కరి ఇంటి ముచ్చట లెక్క కనపడుతది గానీ కాదు. ఈ బండ్లలో కొన్ని మన లోన్లతో కొన్నవే. బర్రె లోను ఇచ్చినప్పుడు "కొట్టం ఉన్నదా, గడ్డి ఉన్నదా" అని అడుగుతం. మరి ఎలక్ట్రిక్ బండికి లోను ఇచ్చినప్పుడు "చార్జింగ్ ఎక్కడ పెడతవు చెల్లె" అని ఎందుకు అడగం? సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న కలపమని సమాఖ్యను కోరుతున్నాను. బోర్డు, ఎర్తింగ్, జాలీ ఖర్చును కూడా బండి ఖర్చులోనే లెక్కగట్టి లోను ఇవ్వాలి. లేకపోతే ఆ ఖర్చు మిగుల్చుకోవడానికి బ్యాటరీ మళ్లీ ముందు గదిలోకే వస్తది.

ప్రతి గ్రామ సంఘం వచ్చే సమావేశంలో మూడు ప్రశ్నలు అడిగి మినిట్స్ బుక్కులో రాయండి. ఎవరి ఇంట్లో ఎలక్ట్రిక్ బండి ఉన్నది? చార్జింగ్ ఎక్కడ పెడుతున్నరు? ఆ గదిలో రాత్రి ఎవరు పడుకుంటున్నరు? మూడో ప్రశ్నకు జవాబు "మా అత్త", "మా నాయిన", "పిల్లలు" అని వస్తే, ఆ రోజే నలుగురు కలిసి ఆ ఇంటికి పోయి చోటు మార్పించండి. ఎవరికైనా బ్యాటరీ మీద అనుమానం ఉంటే మా దుకాణానికి తీసుకురండి. మీటరు పెట్టి చూసి చెప్పడానికి సంఘం సభ్యుల దగ్గర నేను పైసలు తీసుకోను.

నేను ఎక్కువ చదువుకోలేదు. సంఘంలో సంతకం నేర్చుకున్న, పొదుపు నేర్చుకున్న, పని నేర్చుకున్న. మా అత్తమ్మ పక్కన రాత్రిళ్లు నేను పెట్టిన ఆ బ్యాటరీలు ఆమెను ఏమీ చేయలేదు. అది నా తెలివి వల్ల కాదు. ఆ తప్పు మీ ఇంట్లో జరగొద్దనే ఇంతసేపు మాట్లాడిన. ఈ రాత్రి ఇంటికి పోయినాక పడుకునే ముందు ఒక్కసారి ప్లగ్గు వైపు చూడండి.